గడ్డిలో పప్పుజాతి మేత: ఏది నిలుస్తుంది, ఏది ఎందుకు మాయమవుతుంది

మిశ్రమ పచ్చికలో పప్పుజాతి మేత మొదటి ఏడాది ఒత్తుగా కనిపించి, మూడో ఏడాదికి అక్కడొకటి ఇక్కడొకటిగా మిగలడం కొత్త సంగతేమీ కాదు. అప్పుడు నింద విత్తనం మీద పడుతుంది. చాలాసార్లు విత్తనం తప్పేమీ ఉండదు. మొలిచిన మొక్కలు ఒక్కొక్కటే చనిపోతూ వచ్చాయి, చచ్చినదాని చోట మరో పప్పుజాతి మొక్క లేవలేదు, ఆ ఖాళీలోకి గడ్డి పిలకలు వచ్చి కూర్చున్నాయి. గడ్డి ఒకసారి పట్టిన చోటు మళ్ళీ వదలదు.

అందుకని రకం ఎంచుకునేటప్పుడు "ఇది ఎన్నేళ్ళు ఉంటుంది?" అనే ప్రశ్న కన్నా "ఇందులో ఒక మొక్క చస్తే దాని చోటికి ఏది వస్తుంది?" అనే ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. దానికి జవాబులు మూడే. ఏదీ రాదు: లూసర్న్, ఎర్ర క్లోవర్. పక్క మొక్క తీగ పాకి వస్తుంది: తెల్ల క్లోవర్, పింటో వేరుశనగ. రాలిన గింజ మొలిచి వస్తుంది: ట్రెఫాయిల్, స్టైలో, కొంతవరకు సిరాట్రో. మొదటి గుంపులో తెగులు చేసిన నష్టం శాశ్వతం. రెండో గుంపులో తెగులు మొక్కను చంపడం కన్నా నీరసపరచడం ఎక్కువ. మూడో గుంపులో కొత్త మొక్కలు తెగులుకు ఎంత తట్టుకుంటాయన్నదే పచ్చిక భవిష్యత్తును తేలుస్తుంది.

తల్లివేరు మీద నిలిచేవి

లూసర్న్ తల్లివేరు లోతుగా దిగుతుంది. పైన నేల ఎండి గడ్డి వాడిపోయినా ఇది పచ్చగానే ఉంటుంది. నీరు నిలవని లోతైన నేల, 6.5 నుంచి 7.5 మధ్య ఉదజని సూచిక (pH) దొరికితే ఐదారేళ్ళు బాగా కాపుకొస్తుంది. కానీ మొదట నాటుకున్న మొక్కలే దాని ఆస్తి మొత్తం. తర్వాత చేరేవి ఉండవు. పాత లూసర్న్ మొక్కల నుంచి నేలలోకి దిగే కొన్ని రసాయనాలు కొత్త లూసర్న్ మొలకల వేళ్ళను కుంగదీస్తాయి. పలచబడిన పాత లూసర్న్ పొలంలో మళ్ళీ లూసర్న్ గింజే చల్లడం డబ్బు నేలపాలు చేసుకోవడం. ఆ ఖాళీల్లో ఎర్ర క్లోవర్ చల్లితే మొలుస్తుంది, ఇంకో రెండేళ్ళు మేత గడుస్తుంది. పొలాన్ని దున్ని తిరిగి లూసర్నే వేయాలనుకుంటే మధ్యలో కనీసం ఒక ఏడాది వేరే పైరు ఉండాలి.

లూసర్న్‌ను చంపేవాటిలో తెగులు కన్నా ముందు చెప్పుకోవలసింది తొందరపాటు మేపు. కోసిన తర్వాత కొత్త చిగురు వేరులో దాచుకున్న పిండిపదార్థం మీద వస్తుంది. మొదటి రెండు మూడు వారాలు ఆ నిల్వ తరుగుతూనే ఉంటుంది. ఆకులు పెరిగి సంపాదన మొదలైన తర్వాతే వేరు మళ్ళీ నిండుతుంది. కాబట్టి 35 నుంచి 42 రోజుల విరామం ఇవ్వాలి. 20 రోజులకొకసారి పశువులను వదిలితే ప్రతిసారీ నిల్వ అడుగంటిన సమయంలోనే కొరికినట్టవుతుంది. అలా నీరసపడిన మొదలులోకి ఫ్యుజేరియం జాతి శిలీంద్రాలు సులువుగా దిగుతాయి. చూసేవాళ్ళకు అది తెగులుగా కనిపిస్తుంది, అసలు కారణం మేపు పట్టికలో ఉంటుంది.

నిజంగా తెగులే చంపే సందర్భాల్లో మొదటిది ఫైటాఫ్తొరా వేరుకుళ్ళు. దాని బీజాలు నీటిలో ఈదుతూ వేరును చేరతాయి, కాబట్టి నేల కొన్ని రోజులు తడిసి ముద్దగా ఉంటే చాలు. వేరు మీద గోధుమ నుంచి నలుపు రంగు మచ్చ పడి, నీరు నిలిచిన లోతు దగ్గర తల్లివేరు కుళ్ళి తెగిపోతుంది. అఫనోమైసిస్ వేరుకుళ్ళు దీనికి తోడు. అది మొలకను వెంటనే పడగొట్టదు. మొలక నిలబడే ఉంటుంది, పసుపెక్కి గిడసబారుతుంది. దాన్ని నత్రజని లోపం అనుకుని యూరియా వేస్తే లాభపడేది గడ్డి. వెర్టిసిలియం ఎండు తెగులులో ఆకు కొన నుంచి వి ఆకారంలో పసుపెక్కుతుంది, ఆకులు ఎండిపోయినా కాడ పచ్చగా ఉంటుంది. ఇది కోత యంత్రం మీద కూర్చుని పొలం నుంచి పొలానికి వెళ్తుంది. అందుకే కొత్త పొలాన్ని ముందు కోసి పాత పొలాన్ని తర్వాత కోయాలి. ఆంత్రాక్నోస్ సోకితే కాడ మీద గడ్డిరంగులో వజ్రాకారపు మచ్చ, చుట్టూ గోధుమ అంచు, లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. పై కొమ్మ గొర్రెల కాపరి కర్రలా వంగి ఎండుతుంది.

ఈ తెగుళ్ళకు నిరోధక రకాలున్నాయి, కానీ ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసుకుని కొనాలి. లూసర్న్ రకం అంటే ఒకే మూస మొక్కలు కావు, రకరకాల మొక్కల గుంపు. ఉత్తర అమెరికాలో వాడే కొలతలో ఆర్ అని రాసి ఉంటే పరీక్షలో 31 నుంచి 50 శాతం మొక్కలే తట్టుకున్నాయని. హెచ్.ఆర్. అంటే 50 శాతం దాటాయని. ఎం.ఆర్. అయితే 15 నుంచి 30 శాతం మాత్రమే. లూసర్న్ ఒక్కటే వేసిన పొలంలో సగం మొక్కలు పోయినా మిగిలినవి పక్కకు పెరిగి లోటు పూడుస్తాయి. గడ్డితో కలిపినప్పుడు ఆ సగం చోటు గడ్డిదైపోతుంది. కాబట్టి మిశ్రమంలోకి కొనేటప్పుడు మీ నేలకున్న ముఖ్యమైన తెగులుకు హెచ్.ఆర్. ఉన్న రకమే అడగండి. నల్లరేగడిలాంటి బరువు నేలైతే ఫైటాఫ్తొరా, అఫనోమైసిస్ రెండింటికీ చూడాలి.

ఎర్ర క్లోవర్ లెక్క వేరు. దీని మొలక చురుకు, తక్కువ ఉదజని సూచికను, కాస్త తడి నేలను లూసర్న్ కన్నా బాగా ఓర్చుకుంటుంది, ఉన్న పచ్చిక మీద చల్లినా నాటుకుంటుంది. ఆయుష్షు మాత్రం రెండు మూడేళ్ళు. తెగులు లేకపోయినా వయసుతో తల్లివేరు నడిమి భాగం దానంతటదే బోలుపడి గోధుమరంగుకు తిరుగుతుంది, ఫ్యుజేరియం అక్కడ స్థిరపడుతుంది, వేరుతొలిచే పురుగు ఉన్న చోట దారి ఇంకా సులువు. దీన్ని ఐదేళ్ళు నిలబెట్టాలని ఎరువులు, మందులు పెట్టడం కన్నా రెండేళ్ళకొకసారి హెక్టారుకు 4 నుంచి 8 కిలోలు తిరిగి చల్లడం నయం. చూడి కట్టించాల్సిన గొర్రెలకు మాత్రం ఇది మేపకూడదు. ఇందులో ఉండే ఫార్మనోనెటిన్ అనే పదార్థం ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌లా పనిచేసి ఎదకు, చూలుకు అడ్డుపడుతుంది.

చల్లటి తడి వాతావరణంలో ఎర్ర క్లోవర్‌కు అసలు శత్రువు స్క్లెరోటీనియా కుళ్ళు. చలికి ముందు నేల మీద చిన్న గోధుమరంగు గిన్నెల్లాంటి పుట్టగొడుగులు లేస్తాయి, వాటి బీజాలు ఆకుల మీద పడతాయి. చలికాలమంతా తెల్లటి దూదిలాంటి బూజు మొదలును తినేస్తుంది. ఎండాక మొదలు దగ్గర ఆవగింజ నుంచి బఠానీ దాకా ఉండే నల్లటి గట్టి ముద్దలు మిగులుతాయి. అవి నేలలో ఏళ్ళ తరబడి ప్రాణంతో ఉంటాయి. క్లోవర్ పోయిన చోట ఐదారేళ్ళు క్లోవర్ మాట ఎత్తకూడదు. చలికి ముందు మేతను పొట్టిగా మేపి గాలి ఆడేలా ఉంచితే నష్టం తగ్గుతుంది. టెట్రాప్లాయిడ్ (క్రోమోజోముల జతలు రెట్టింపైన) రకాలు సాధారణంగా దీనికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి. చలికి కాస్త ముందు విత్తిన లేత పొలాలే ఎక్కువ దెబ్బతింటాయి కాబట్టి ఈ తెగులున్న చోట వసంతంలో విత్తడం మంచిది.

పాకి నిలిచేవి

తెల్ల క్లోవర్ గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. గింజ నుంచి వచ్చిన తల్లివేరు ఒకటి రెండేళ్ళలో చచ్చిపోతుంది. ఆ తర్వాత ఉన్నదంతా నేల మీద పాకే కాడలు, వాటి కణుపుల నుంచి దిగిన పీచువేళ్ళు. అందుకే మొదటి ఏడు బెట్టను తట్టుకున్న తెల్ల క్లోవర్ మూడో ఏడు అదే బెట్టకు మాడిపోతుంది. రకం మారలేదు, వేరు మారింది.

దీనికి కావలసింది కాడ మీద వెలుతురు. గడ్డి ఎదిగి కాడలను కప్పేస్తే కణుపుల దగ్గర కొత్త కొమ్మలు రావు. 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తుకు మేపుతూ ఉంటే, లూసర్న్‌ను చంపే అదే పద్ధతి దీనికి బలమవుతుంది. ఆకు పరిమాణాన్ని బట్టి కూడా ఎంచుకోవాలి. గొర్రెలు నిరంతరం నేలకంటా కొరికే చోట చిన్నాకు రకాలు, పశువులను మడి మార్చి మేపే చోట మధ్యరకం, కోసి నిల్వ చేసే చోట పెద్దాకు రకాలు. పెద్దాకు లాడినో రకాన్ని గొర్రెల మేపులో వేస్తే కాడలు తక్కువ, అవీ మందమైనవి కావడంతో త్వరగా పలచబడుతుంది. మిశ్రమంలో విత్తన మోతాదు హెక్టారుకు 2 నుంచి 4 కిలోలు చాలు. గింజ చాలా చిన్నది, సెంటీమీటరు లోతు దాటితే మొలక బయటికి రాదు.

తెగుళ్ళు ఇక్కడ నెమ్మదిగా పనిచేస్తాయి. మొజాయిక్ వైరస్‌లు ఒకసారి సోకితే ఆ కాడ నుంచి పుట్టిన ప్రతి ముక్కలోనూ ఉంటాయి. కొన్నిటిని పేనుబంక తెస్తుంది, తెల్ల క్లోవర్ మొజాయిక్ లాంటివి కోత పరికరాలకు అంటిన రసంతోనూ అంటుకుంటాయి. మొక్క చావదు. ఎదుగుదల తగ్గి, వేళ్ళ మీద నత్రజని పట్టే బుడిపెలు తగ్గి, గడ్డితో పోటీలో వెనకబడుతుంది. పాత పచ్చికలో తెల్ల క్లోవర్ తగ్గుతుంటే ఆకును వెలుతురుకు పట్టి లేత పసుపు గీతలు, మచ్చలు ఉన్నాయేమో చూడండి. చాలా మొక్కల్లో కనిపిస్తే ఎరువుతో బాగుపడదు, కొత్త గింజ చల్లాలి. వెచ్చని ఇసుక నేలల్లో వేరుముడి నులిపురుగులు, క్లోవర్ తిత్తి నులిపురుగులు కూడా ఇదే తీరున, పైకి కనపడకుండా కుంగదీస్తాయి.

ఉష్ణమండలంలో తెల్ల క్లోవర్ చేసే పని పింటో వేరుశనగ చేస్తుంది. అసలు మొక్కను 1954లో బ్రెజిల్‌లో జెరాల్డో పింటో సేకరించాడు, ఆయన పేరే దానికి వచ్చింది. తీగలు నేలను అంటుకుని పాకుతాయి. పూలు ఊడలు దించి గింజను నేలలోనే కాస్తాయి. అంటే పాకి నిలిచే గుంపులోనూ, గింజతో నిలిచే గుంపులోనూ చేరి ఇది రెండు కాళ్ళ మీద నిలబడింది. బరువైన మేపును, నీడను, ఆమ్ల నేలను ఓర్చుకుంటుంది. బ్రాకియేరియా లాంటి మొండి గడ్డి పక్కన కూడా నిలిచే పప్పుజాతి మేతలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే, వాటిలో ఇదొకటి. లోపం ఏమిటంటే మొదటి ఏడాది ఇది విఫలమైనట్టే కనిపిస్తుంది. గింజ ఖరీదు, దొరకడమూ కష్టం, తీగముక్కలు నాటితే కూలి ఎక్కువ. ఆరు నెలలకే నిరాశపడి దున్నేసిన పొలాలు చాలానే ఉంటాయి.

చలి ప్రాంతాల్లో భూమి లోపలి దుంపకాడలతో పాకే కూరా క్లోవర్ కూడా ఇలాంటిదే. నిలదొక్కుకోవడానికి రెండేళ్ళు, దాని సొంత రైజోబియం (బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా) తప్పనిసరి, ఆ తర్వాత పోగొట్టుకోవడమే కష్టం.

గింజ రాల్చి నిలిచేవి

ట్రెఫాయిల్‌ను ఎంచుకునేవాళ్ళు సాధారణంగా రెండు కారణాలతో ఎంచుకుంటారు: తడి ఆమ్ల నేల, కడుపుబ్బరం భయం. ఇందులోని టానిన్లు ప్రోటీన్‌ను పట్టి ఉంచి కడుపులో నురగ కట్టనివ్వవు, కాబట్టి పశువు ఎంత తిన్నా ఉబ్బరం రాదు. లూసర్న్, క్లోవర్లు పచ్చికలో సగం దాటితే ఆ భయం నిజమే. ట్రెఫాయిల్‌కు ఉన్న ఇబ్బంది మొదలుకుళ్ళు. వెచ్చగా, తేమగా ఉండే చోట రెండు మూడేళ్ళలో మొక్కలు పోతాయి. దానికి మందు లేదు, గింజే మందు. రెండేళ్ళకొకసారి ఒక మడిలో పూత నుంచి కాయ పగిలేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు పశువులను దూరంగా ఉంచి గింజ రాలనివ్వాలి. మేపేటప్పుడు 8 నుంచి 10 సెంటీమీటర్ల ఆకు వదలాలి, ఎందుకంటే ఎదిగే కాలంలో ఇది వేరులో పెద్దగా దాచుకోదు, మిగిలిన ఆకు మీదే తిరిగి చిగురిస్తుంది. సున్నపు నేల, నీరు నిలవని పొడి చోటు అయితే ఉబ్బరం రాని మరో మేత సైన్‌ఫాయిన్ దీని కన్నా నయం. తడి తగిలితే అదీ మొదలుకుళ్ళుకే బలి.

స్టైలో చరిత్ర ఈ వ్యాసం మొత్తానికీ సాక్ష్యం. ఉత్తర ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ స్టైలో అనే ఏకవార్షికం విస్తారంగా వ్యాపించింది. ఏటా గింజ రాల్చి తిరిగి మొలిచేది, నిలకడకు లోటు లేదనిపించేది. 1970ల్లో ఆంత్రాక్నోస్ వచ్చింది. మొలకెత్తే ప్రతి కొత్త మొక్కా పాత మొక్క అంత బలహీనమైనదే కావడంతో గింజల రాశి కాపాడలేకపోయింది, పచ్చికలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ చోట వెరానో, సెకా అనే స్టైలో రకాలు వచ్చాయి. నేడు ఎంచుకునేవాళ్ళు తేలిక ఇసుక, ఎర్ర నేలల్లో, బెట్ట ప్రాంతాల్లో ఆ రెండూ కలిపి చల్లడం మేలు. వెరానో త్వరగా గింజ కడుతుంది, సెకా పొదలా ఏళ్ళ తరబడి ఉంటుంది, ఒకదానికి కొత్త తెగులు జాతి వస్తే రెండోది మిగులుతుంది. వాన ఎక్కువ ఉండే చోట స్టైలోలోనే గయానెన్సిస్ జాతికి చెందిన 184 అనే రకం ఆంత్రాక్నోస్‌ను బాగా తట్టుకుంది. నల్లరేగడిలో ఇవేవీ కుదరవు, అక్కడ డెస్మాంథస్ అనే మరో పప్పుజాతి మేత సరైనది.

సిరాట్రో అందంగా అల్లుకుంటుంది, మేత కూడా మంచిదే. 1960లో విడుదలైనప్పుడు పెద్ద ఆశలు పెట్టుకున్నారు. కానీ తీగ పైకి పాకే మొక్క కావడంతో ఎక్కువ మేపితే చిగుళ్ళన్నీ పోతాయి, తడి కాలంలో తుప్పు తెగులు, ఆకులను అంటించి కుళ్ళబెట్టే రైజోక్టోనియా రెండూ వస్తాయి. తక్కువ పశువులు, ఎక్కువ విరామం ఉన్న పొలానికే అది. తుప్పును తట్టుకునే అజ్‌టెక్ రకం దొరికితే పాత సిరాట్రో వైపు చూడనక్కర్లేదు.

తవ్వి చూడకుండా తేల్చొద్దు

పప్పుజాతి తగ్గుతున్న చోట, బాగున్న చోట పదేసి మొక్కలు పారతో వేరు తెగకుండా తవ్వి, కడిగి, తల్లివేరును నిలువునా చీల్చండి. నడిమధ్య గోధుమ బోలు ఉంటే వయసు, ఫ్యుజేరియం. తొక్క లాగితే లోపల పసుపు గోధుమ ఉంగరం ఉంటే బాక్టీరియా ఎండు తెగులు. ఒకే లోతులో అన్ని వేళ్ళూ తెగి ఉంటే నీరు నిలవడం, ఫైటాఫ్తొరా. వేరు తెల్లగా, గట్టిగా ఉండి పైన చిగురు లేకపోతే తెగులు కాదు, మేపు. మొదళ్ళు ఉబ్బి పొట్టిగా గుత్తులుగా ఉంటే కాడ నులిపురుగు, అది విత్తనంతో, ఎండుమేతతో, పారే నీటితో వస్తుంది. బుడిపెలను కూడా కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పని సాగుతోంది, ఆకుపచ్చ లేదా బూడిద రంగైతే ఆగిపోయింది.

ఆకుమచ్చలు, బూజు ఎక్కువైతే మిశ్రమ పచ్చికలో శిలీంద్రనాశని చల్లడం గిట్టుబాటు కాదు. ఆకులు రాలక ముందే కోయడం లేదా మేపడం సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఆకుతెగుళ్ళు సోకిన లూసర్న్, తెల్ల క్లోవర్‌లో కుమెస్ట్రాల్ అనే పదార్థం పెరుగుతుంది, దానిదీ ఈస్ట్రోజన్ గుణమే. పొట్టేళ్ళను వదిలే రోజుల్లో అలాంటి మేత గొర్రెలకు వద్దు. మెటలాక్సిల్ అనే శిలీంద్రనాశనితో విత్తనశుద్ధి మొలకను మొదటి కొన్ని వారాలే కాపాడుతుంది, పెద్ద మొక్కకు దానితో పని లేదు. మందు ముందు పట్టించి ఆరాక, రైజోబియం ఆఖరున, విత్తే ముందు పట్టించాలి.

గడ్డి తోడు, ఎరువు

తెగులు చేయని నష్టాన్ని యూరియా చేయగలదు. పచ్చికలో పొడిబరువు లెక్కన 30 నుంచి 40 శాతం పప్పుజాతి ఉంటే నత్రజని వేయనక్కర్లేదు. వేస్తే గడ్డి లేచి నీడ కడుతుంది. పొటాషియం విషయంలో గడ్డి పీచువేళ్ళు ముందు లాక్కుంటాయి, కాబట్టి నేలలో కొరత ఉంటే మొదట ఆకలిపడేది పప్పుజాతే. ఎండుమేతగా కోసుకుపోయే పొలంలో ప్రతి కోతతో పొటాషియం బయటికి పోతుందని మరవొద్దు. ఈ శాతం కంటితో అంచనా వేయడంలో అందరూ పొరపడతారు. వెడల్పు ఆకులు నేలను కప్పి ఎక్కువగా కనిపిస్తాయి. పది చోట్ల కోసి, గడ్డినీ పప్పుజాతినీ వేరుచేసి, ఆరబెట్టి తూచండి.

గడ్డిలో గుబురుగా పెరిగేవి మధ్యలో చోటు వదులుతాయి, చాపలా అల్లుకునేవి వదలవు. లూసర్న్‌కు కాక్స్‌ఫుట్, టిమొతి లాంటి గుబురు గడ్డి, స్టైలోకు అంజన్ లేదా పలచగా వేసిన గినీ గడ్డి తోడు. గడ్డి తోడుంటే బురద చిమ్మి తెగులు వ్యాపించడం కొంత తగ్గుతుంది, అదే గడ్డి దట్టమైతే లోపల తేమ నిలిచి స్క్లెరోటీనియాకు, రైజోక్టోనియాకు పందిరి వేసినట్టవుతుంది.

ఎంపిక

లోతైన నేల, నీరు నిలవదు, ఐదు వారాల విరామం ఇవ్వగలరు: లూసర్న్. ఆ విరామం ఇవ్వలేకపోతే నేల ఎంత బాగున్నా లూసర్న్ వద్దు. పశువులు ఎప్పుడూ పొలంలోనే ఉంటాయి, నేలలో తేమ ఉంటుంది: చల్లటి చోట తెల్ల క్లోవర్, వేడి చోట పింటో వేరుశనగ. రెండు మూడేళ్ళకే పొలం మార్చేస్తారు, త్వరగా మేత కావాలి: ఎర్ర క్లోవర్, అయితే స్క్లెరోటీనియా నల్లముద్దలు లేని నేలలో. తడి ఆమ్ల నేల, ఉబ్బరం భయం: ట్రెఫాయిల్, గింజకు విరామం ఇచ్చే ఓపిక ఉంటేనే. బెట్ట, తేలిక నేల, ఉష్ణమండలం: రెండు స్టైలోల మిశ్రమం. ఎటూ తేల్చుకోలేకపోతే ఒక తల్లివేరు మొక్కను, ఒక పాకే మొక్కను కలిపి చల్లండి. ఎర్ర క్లోవర్ మొదటి రెండేళ్ళు నడిపిస్తే, అది పోయే వేళకు తెల్ల క్లోవర్ కాడలు ఆ ఖాళీల్లోకి చేరతాయి.

పొడిబరువులో పప్పుజాతి 20 శాతం కిందికి పడితే తిరిగి చల్లే సమయం వచ్చినట్టు. ముందు తవ్వి కారణం చూసి, గడ్డిని నేలకంటా మేపి, పళ్ళెం గొర్రుతో గీకి మట్టి కనపడేలా చేసి, సెంటీమీటరు లోతు మించకుండా విత్తండి. మొలకకు మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా గడ్డి మళ్ళీ నీడ కట్టకుండా రెండు మూడు రోజులు మాత్రమే పశువులను వదిలి తీసేయాలి. అవి కొత్త మొలకలను కొరకడం మొదలుపెట్టిన రోజే గేటు తీసి బయటికి తోలండి.